వాన నీటికి బిల్లు ఎవరు కట్టాలి?

అందరికీ నమస్కారం. ముందు ఒక చిన్న లెక్క. వంద చదరపు మీటర్ల ఇంటి కప్పు మీద 25 మిల్లీమీటర్ల వాన పడితే రెండున్నర వేల లీటర్ల నీళ్లు. మట్టి నేలైతే చాలావరకు ఇంకిపోయేవి. కప్పు మీద నుంచి మాత్రం అన్నీ ఒక్కసారే కాలువలోకి దూకుతాయి. కప్పు ఒకరిది, కాలువ ఊరందరిదీ. పేచీ అంతా అక్కడే.

అమెరికాలోని ఫిలడెల్ఫియాలో 2010కి ముందు వాన నీటి ఛార్జీని నీళ్ల మీటరు సైజును బట్టి వేసేవారు. మీటరే లేని పార్కింగ్ స్థలం ఎంత తారు పరుచుకున్నా బిల్లు ఉండేది కాదు! ఆ ఏడాది నుంచి, ఇళ్లు కాని స్థలాలకు నీరు ఇంకని నేల ఎంతుందో కొలిచి బిల్లు వేయడం దశలవారీగా మొదలుపెట్టారు. నీటిని అక్కడే ఆపితే బిల్లులో తగ్గింపు. ఇలా నీటిని ఆపే ఏర్పాట్లకు హరిత మౌలిక సదుపాయాలు అని బరువైన పేరు పెట్టాం గానీ, చాలాచోట్ల పని ఇంతే: గుంట తవ్వి, నీరు పీల్చే మట్టి నింపి, మొక్కలు నాటడం.

తగ్గింపు ఒక్కటే సరిపోదని నా అభిప్రాయం. నగరం నడిబొడ్డున గుంటకు చోటేది? వాషింగ్టన్ డీసీ 2013లో దీనికో దారి చూపింది. పెద్ద నిర్మాణాలు 1.2 అంగుళాల వాన నీటిని ఆపాలి. అందులో సగమైనా తమ స్థలంలోనే. మిగతాదానికి, వేరేచోట నీటిని ఆపినవాళ్ల దగ్గర క్రెడిట్లు కొనుక్కోవచ్చు. ఒక గాలన్ (దాదాపు 3.8 లీటర్లు) నీటిని ఆపే సామర్థ్యం ఏడాదిపాటు ఉంటే ఒక క్రెడిట్.

నాకు బాగా నచ్చింది మాత్రం అమెరికాలోదే మరో నగరం, సిన్సినాటి. అక్కడి షెపర్డ్ క్రీక్ పరీవాహకంలో 2007, 2008లలో తిరుగు వేలం, అంటే తక్కువ అడిగినవాళ్లకు దక్కే వేలం, పెట్టారు. మీ పెరట్లో వాన తోటో (ఇందాక చెప్పిన మొక్కల గుంటే), వాన నీళ్లు పట్టే పీపానో పెట్టడానికి ఎంత ఇమ్మంటారు అని ఇంటివాళ్లనే అడిగారు. సగానికి పైగా బిడ్లు సున్నా! ఊరికే పెట్టిస్తే చాలన్నారు. అందరికీ ఒకే రేటు కట్టి ఉంటే ఆ డబ్బంతా వృథా అయ్యేది.

ఇక తోట వేశాక చూసేదెవరు? ఎండుటాకులు అడ్డంపడి నీళ్లు వచ్చే దారి పూడుకుపోతే, మొక్కలు పచ్చగానే ఉంటాయి, వాన మాత్రం పక్కనుంచి రోడ్డెక్కుతుంది. అందుకే డీసీలో ఒకసారికి మూడేళ్లకు మించి క్రెడిట్లు ఇవ్వరు. మళ్లీ కావాలంటే ఇన్‌స్పెక్టర్ వచ్చి గుంట చూడాల్సిందే.