కంప్యూటర్ చదివావు కదా, ఇది కాస్త చూడు

(తెరపై: ఆదివారం ఉదయం ఏడున్నర. వంటింటి గట్టు మీద పెట్టిన ఫోన్ మోగుతుంది. పిలుస్తున్నవారి పేరు 'కాకినాడ బాబాయ్' అని కనిపిస్తుంది.)

నమస్కారం. ఆదివారం ఉదయం ఏడున్నరకు ఫోన్ మోగితే మా ఇంట్లో ఎవరూ కంగారు పడరు. ఆ వేళకు పిలిచేది కాకినాడలో ఉన్న మా బాబాయ్ అనీ, కాఫీ అయిందా, పిల్లలు లేచారా అనే రెండు ప్రశ్నలు పూర్తయ్యాక మూడో మాటగా ప్రింటర్ ప్రస్తావన వస్తుందనీ అందరికీ తెలుసు. "కంప్యూటర్ చదివావు కదరా, ఇది కాస్త చూడు, ఎంత నొక్కినా పలకడం లేదు" అంటారాయన. నేను చదివింది కంప్యూటర్ సైన్సే. కానీ హైదరాబాద్‌లో నేను చేసే ఉద్యోగం జమాఖర్చుల లెక్కలకు తెర వెనుక నడిచే ప్రోగ్రాములు రాయడం. ఆఫీసులో ప్రింటర్‌ను ముట్టుకుని ఎన్నేళ్లయిందో నాకే గుర్తు లేదు. సివిల్ ఇంజనీరును పిలిచి కుళాయి కారుతోంది, కాస్త చూసిపొమ్మని ఎవరూ అడగరు. కంప్యూటర్ దగ్గరకు వచ్చేసరికి మాత్రం చిప్ తయారుచేసేవారు, వెబ్‌సైట్ నడిపేవారు, ఇంటికి కేబుల్ లాగేవారు అందరూ చుట్టాల లెక్కలో ఒక్కటే.

ఇంటికి, వీధికి, అపార్ట్‌మెంటుకు ఏకైక కంప్యూటర్ నిపుణుడిగా మిగిలిపోయినవారికి విసుగు ఎక్కడి నుంచి వస్తుందో ఈ వీడియోలో వివరిస్తాను. పని ఎక్కువై విసుగు వస్తుందని చాలామంది అనుకుంటారు గాని, నా అనుభవంలో అసలు చిక్కు వేరు. ఒకసారి చెయ్యి పెట్టాక ఆ యంత్రం బాధ్యత, దాని తాళాలు, దాని వల్ల వచ్చే నింద, ఎవరూ అడగకుండానే, ఎవరూ చెప్పకుండానే మన పేరు మీదకు బదిలీ అయిపోతాయి.

(తెరపై: రౌటర్, ప్రింటర్, కంప్యూటర్ బొమ్మలు కనిపిస్తాయి. మూడింటి మధ్య గీతలు ఒక్కసారిగా ఆరిపోయి, మళ్లీ వెలుగుతాయి.)

ముందు బాబాయ్ ప్రింటర్ సంగతి చూద్దాం, ఎందుకంటే అందులో మంత్రమేమీ లేదు. ఆయనది వైఫై ప్రింటర్. ఇంట్లోని రౌటర్ తనకు తగిలిన ప్రతి పరికరానికీ ఒక చిరునామా ఇస్తుంది. ఫోన్‌కు ఒకటి, టీవీకి ఒకటి, ప్రింటర్‌కు ఒకటి. కరెంటు పోయి వచ్చినప్పుడు అన్నీ మళ్లీ లేచి చిరునామాలు అడుగుతాయి, పాతదే దక్కాలన్న నియమం ఏదీ లేదు. కంప్యూటర్ మాత్రం ప్రింటర్ పాత చిరునామానే గుర్తుపెట్టుకుని, అక్కడ తలుపు తట్టి, ఎవరూ పలకకపోతే 'ఆఫ్‌లైన్' అని రాసేస్తుంది. ఈలోగా బాబాయ్ ప్రింట్ బొత్తాన్ని ఎనిమిదిసార్లు నొక్కుతారు. నొక్కిన ప్రతిసారీ ఒక కాగితం వరుసలో నిలబడుతుంది. ముప్పావు గంట తంటాలు పడి నేను చిరునామా సరిచేయగానే ఒకే బీమా రసీదు ఎనిమిది ప్రతులు బయటకు వస్తాయి, సిరా ఖరీదు గురించి నాకు ఒక చిన్న ఉపన్యాసం కూడా అందుతుంది.

దీనికి శాశ్వతమైన మందు ఉంది. రౌటర్ అమరికలలోకి వెళ్లి, ప్రింటర్‌కు ఎప్పుడూ ఒకే చిరునామా ఇవ్వమని కట్టుదిట్టం చేయవచ్చు. పోయిన సంక్రాంతికి వెళ్లినప్పుడు ఆ పని చేశాను. రెండు నెలలకు ఇంటర్నెట్ కుర్రాడు వచ్చి, లైటు ఎర్రగా వెలుగుతోందని, రౌటర్‌నే మార్చి వెళ్లాడు. కట్టుదిట్టమంతా పాత రౌటర్‌తో పాటు అతని సంచిలోకి పోయింది.

ఫోన్‌లో జబ్బు కనుక్కోవడం మరో విద్య. "తెర మీద ఏముంది బాబాయ్?" అంటే "ఏమీ లేదురా" అంటారు. నల్లగా ఉందా అని అడిగితే "నల్లగా ఎందుకుంటుంది, అంతా మామూలే, మధ్యలో ఏదో ఇంగ్లీషులో వచ్చింది, నొక్కేశాను" అంటారు. జవాబు ఆ నొక్కేసిన పెట్టెలోనే ఉంటుంది. అయితే ఈ విషయంలో నేను బాబాయ్ పక్షమే వహిస్తాను. పదిహేనేళ్లుగా ఆయన తెర మీదకు వచ్చిన పెట్టెల్లో ఎక్కువ భాగం ప్రకటనలు, కుకీల అనుమతులు, అప్‌డేట్ల పిలుపులు. వాటన్నిటినీ చదవకుండా మూసేసినందువల్లే ఆయన పని సాగింది. కంప్యూటర్లే నేర్పిన అలవాటును పట్టుకుని మనం ఆయనను తప్పుపట్టడం న్యాయం కాదు.

(తెరపై: తాటిచెట్టు మీద కాకి వాలుతుంది. అదే క్షణంలో పండు రాలుతుంది.)

ఇక నింద. కాకి వాలడం, తాటిపండు రాలడం ఒకేసారి జరిగితే కాకి వల్లే పండు రాలిందని అనుకోవడాన్ని మనవాళ్లు కాకతాళీయ న్యాయం అన్నారు. చుట్టాల కంప్యూటర్లు బాగుచేసేవారు ఎప్పుడూ ఆ కాకులే.

మా మేనత్త ల్యాప్‌టాప్‌లో విండోస్ 10 ఉంది. మైక్రోసాఫ్ట్ దానికి ఉచిత భద్రతా అప్‌డేట్లను 2025 అక్టోబర్ 14తో ఆపేసింది. 2021లో వచ్చిన విండోస్ 11 వేసుకుందామంటే, దానికి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, కంపెనీ జాబితాలో చేరిన ప్రాసెసర్ ఉండాలి. అత్తయ్య యంత్రం ఆ గీతకు ఇవతలే ఆగిపోయింది. ల్యాప్‌టాప్ చక్కగా నడుస్తూనే ఉంది కాబట్టి ఈ మాట ఆవిడకు నమ్మశక్యంగా లేదు. "నడిచేదాన్ని పట్టుకుని కాలం చెల్లిందంటావేమిటిరా?" అన్నారు. ఆ ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. చివరికి పాత యంత్రాలకు మరో ఏడాది పాటు భద్రతా అప్‌డేట్లు ఇచ్చే పథకంలో దాన్ని చేర్చి వచ్చాను. రెండు వారాలకు కీబోర్డులో ఒక మీట ఊడిపోయింది. "వాడేదో ఎక్కించి వెళ్లాడు, అప్పటి నుంచే ఇలా" అని ఆవిడ మా అమ్మతో అన్నట్టు తెలిసింది. భద్రతా అప్‌డేట్‌కూ ప్లాస్టిక్ మీటకూ సంబంధం లేదని వివరించడానికి ప్రయత్నించాను. అలా వివరించేకొద్దీ నేరం ఒప్పుకుంటున్నట్టే వినిపిస్తుందని అప్పుడు అర్థమైంది.

(తెరపై: ఒక శుభలేఖ పాఠం తెలుగులో కనిపిస్తుంది. మౌస్ నొక్కగానే అది అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలుగా, గుర్తులుగా మారిపోతుంది.)

తెలుగువారి ఇళ్లలో మాత్రమే ఎదురయ్యే చిక్కు ఒకటుంది, దాన్ని కొంచెం నిదానంగా చెప్పాలి. మా పెద్దమ్మ మనవరాలి పెళ్లికి డీటీపీ సెంటర్లో తయారైన శుభలేఖ ఫైలును నాకు పంపి, ముహూర్తం సమయం ఒక్కటి మార్చి పెట్టమన్నారు. రెండు నిమిషాల పని అనుకుని తెరిచాను. తెర మీద ఒక్క తెలుగు అక్షరం లేదు. ఇంగ్లీషు అక్షరాలు, డాలర్ గుర్తులు, కొక్కేలు కలగలిసి కనిపించాయి. నా భుజం మీదుగా చూస్తున్న పెదనాన్న "అయ్యో, పాడుచేశావా?" అన్నారు.

ఫైలు పాడవలేదు. మన డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి వాడుతున్న 'అను' వంటి పాత పద్ధతి ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలను కూర్చోబెడతాయి: ఒక స్థానంలో తలకట్టు, ఇంకో స్థానంలో కొమ్ము, మరో స్థానంలో ఒత్తు. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్‌లో చూస్తే అందమైన తెలుగు, లేనిదాంట్లో చూస్తే చెత్త. యూనికోడ్ పద్ధతిలో ప్రతి తెలుగు అక్షరానికీ తనదైన సంఖ్య ఉంటుంది కాబట్టి ఏ ఫోన్‌లో తెరిచినా అది తెలుగుగానే ఉంటుంది. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగుకు చోటు దక్కింది. అయినా ముద్రణలో వంపులు బాగుంటాయని, చెయ్యి అలవాటు పడిందని, పాత ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయని డీటీపీవారు పాతదాన్ని వదలలేదు. వారిని తప్పుపట్టలేను, శుభలేఖ మీద అక్షరం అందంగా ఉండాలి కదా. నేను ఆ పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చే సాధనంతో మార్చి, జారిపోయిన ఒత్తులను, 'జ్ఞ'గా మారాల్సిన చోట మారని అక్షరాలను చేత్తో సరిచేస్తూ మూడు గంటలు కూర్చున్నాను. తరువాత తెలిసిందేమిటంటే, డీటీపీ సెంటరుకు ఫోన్ చేస్తే అతను రెండు నిమిషాల్లో సమయం మార్చి పంపేవాడు. ఈ తెలివితక్కువతనం పూర్తిగా నాదే. అడిగిన పని మన పని కాదని చెప్పడానికి మొహమాటపడటం కూడా ఈ జబ్బులో ఒక భాగం.

ఎంసెట్ అనే పేరు పోయి ఈఏపీసెట్ వచ్చినా, ఆప్షన్లు పెట్టే వారం రాగానే అపార్ట్‌మెంట్ పిల్లలు తండ్రులతో సహా మా హాల్లోకి రావడం మారలేదు. ర్యాంకు వరుసలో వచ్చినప్పుడు, పెట్టిన ఆప్షన్లలో పైనుంచి మొదట దొరికిన సీటు ఖరారవుతుంది, కాబట్టి ప్రాణమంతా ఆ వరుసలోనే ఉంది. నేను వారు చదివిన కాలేజీ కోడ్లను వారు చెప్పిన వరుసలోనే కొట్టాను. దూరపు కాలేజీలో సీటు వచ్చిన ఏడాది, కింది అంతస్తువారు లిఫ్ట్‌లో నాతో మాట్లాడటం మానేశారు. అప్పటి నుంచి మౌస్ పిల్లవాడి చేతికే ఇచ్చి, నేను పక్కన కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చుంటున్నాను.

(తెరపై: ఒక తాళాల గుత్తి. ఒక్కో తాళంచెవి మీద 'ఈమెయిల్', 'బ్యాంకు', 'ఆధార్', 'వైఫై' అని రాసి ఉంటుంది.)

అన్నిటికంటే బరువైనవి తాళాలు. చాలా ఏళ్ల కిందట బాబాయ్‌కు ఈమెయిల్ ఖాతా తెరిచినప్పుడు, ఆయనకు స్మార్ట్‌ఫోన్ లేదు కాబట్టి, పాస్‌వర్డ్ మరిచిపోతే సాయపడే నంబరుగా నాది ఇచ్చాను. ఆ తరువాత బ్యాంకు, బీమా, పింఛను కాగితాలన్నీ ఆ ఈమెయిల్‌కే వచ్చి చేరాయి. అంటే ఆయన జీవితకాలపు కాగితాల బీరువా తాళంచెవి, ఇద్దరికీ తెలియకుండా, నా సిమ్ కార్డులో ఉండిపోయింది. నేను మీటింగులో ఉండగా నా ఫోన్‌కు ఓటీపీ వస్తే, అది బాబాయ్ అడిగినదో మరెవరైనా ప్రయత్నిస్తున్నారో తెలియక బయటకు పరుగెత్తిన రోజులున్నాయి.

ఆధార్ పీడీఎఫ్ దగ్గర ఇంకో ముచ్చట ఉంది. దానికి పాస్‌వర్డ్ ఆధార్‌లో ఉన్న పేరులోని మొదటి నాలుగు ఇంగ్లీషు పెద్దక్షరాలు, తరువాత పుట్టిన సంవత్సరం. వినడానికి సులువే. అయితే ఇంటిపేరు పొడి అక్షరంగా ముందు ఉంటే ఆ అక్షరం, దాని పక్కన చుక్క ఉంటే ఆ చుక్క కూడా నాలుగింటి లెక్కలోకి వస్తాయి. ఇక పుట్టిన సంవత్సరం చెప్పమంటే మా అత్తయ్య "అసలుదా, బళ్లో వేసిందా?" అని అడుగుతారు.

తాళాలు మన దగ్గర ఉండటంలో విసుగును మించిన ప్రమాదం కూడా ఉంది. దూరం నుంచి తెరను నడిపే యాప్‌ను పెద్దవాళ్ల చేత వేయించి, తెర మీద వచ్చిన అంకెలు చదివించి, పని కానిచ్చేవాణ్ణి నేను. మోసగాళ్లు బ్యాంకు ఉద్యోగులమని చెప్పి చేయించేది కూడా సరిగ్గా ఇదే. ఇలాంటి ఒక యాప్ ద్వారా జరుగుతున్న మోసాల గురించి రిజర్వ్ బ్యాంకు 2019లోనే బ్యాంకులను హెచ్చరించింది. ఫోన్‌లో ఎవరో చెబితే అంకెలు చదవడం అనే అలవాటును మా ఇంట్లో నేర్పినది నేనే అని గ్రహించిన రోజు నిద్ర పట్టలేదు. ఆ యాప్‌లను తీయించేశాను. 2023 నుంచి వాట్సాప్ వీడియో కాల్‌లోనే తెరను చూపించే వీలుంది. అందులో నేను చూడగలను గాని ముట్టుకోలేను. మోసగాళ్లు దాన్ని కూడా ఓటీపీలు చూడటానికి వాడుకుంటారు కాబట్టి, ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ తెర చూపించకూడదని, డబ్బు పోయినట్టు అనుమానం వస్తే నాకంటే ముందు సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలని చెప్పి, ఆ నంబరును ఫ్రిజ్ మీద అంటించి వచ్చాను.

(తెరపై: కాకినాడ ఇంటి ముందుగది. కంప్యూటర్ ముందు బాబాయ్, పక్కన కుర్చీలో వ్యాఖ్యాత.)

మొన్న వెళ్లినప్పుడు ప్రింటర్ జోలికి పోకుండా తాళాలు అప్పగించే పని పెట్టుకున్నాను. ఈమెయిల్ ఖాతాలో నా నంబరు తీసి ఆయన నంబరు పెట్టించాను. ఫోన్ పోయినా ఖాతాలోకి వెళ్లడానికి గూగుల్ ఎనిమిదేసి అంకెలున్న పది సంఖ్యలను ఇస్తుంది, ఒక్కోటి ఒక్కసారే పనికొస్తుంది. వాటిని కాగితం మీద పెట్టుకుందామని బాబాయ్ ప్రింట్ నొక్కారు. ఏమీ రాలేదు. తెర మధ్యలో ఒక పెట్టె వచ్చింది. ఆయన వేలు అలవాటుగా మౌస్ మీదకు వెళ్లి, ఆగి, కళ్లజోడు సర్దుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ పైకి చదివారు: "ప్రింటర్ ఆఫ్‌లైన్ అంటోందిరా."

నేను లేవలేదు. ఆయనే పంచాంగం తెప్పించి, చివరి ఖాళీ పేజీలో ఆ పది సంఖ్యలనూ పెన్నుతో పొందికగా రాసుకున్నారు.

హైదరాబాద్ వచ్చాక గుర్తొచ్చింది, ఉగాదికి కొత్త పంచాంగం రాగానే పిన్ని పాతదాన్ని పాత పేపర్లవాడికి వేసేస్తుందని. మరుసటి ఆదివారం ఉదయం ఏడున్నరకు కాకినాడకు ఫోన్ చేసింది నేనే.