సైలెన్సర్ లోపలి నుంచే తుప్పు పడుతుంది

సభాధ్యక్షులకు, ఆటోనగర్ మెకానిక్ మిత్రులకు, లారీ యజమానులకు నమస్కారం.

లారీతో పాటు కంపెనీ బిగించి ఇచ్చిన సైలెన్సర్ ఏళ్ల తరబడి మన్నిందని, అది పోయాక బయట కొని వేయించినది రెండో వానాకాలం దాటకముందే చిల్లులు పడిందని మీలో చాలామంది అంటూ ఉంటారు. దానికి చెప్పే కారణం కూడా ప్రతిసారీ ఒకటే: రేకు నాసిరకం. అది అబద్ధం కాదు గానీ సగం మాట మాత్రమే. ఒకే షాపులో కొన్న ఒకే రకం సైలెన్సర్లు దూరప్రయాణాలు చేసే లారీకి బాగానే నిలబడి, ఓడరేవుకూ గోదాముకూ మధ్య తిరిగే లారీకి తొందరగా పోతుంటాయి. తప్పంతా రేకుదే అయితే రెండు లారీల మీదా అవి ఒకేలా పోవాలి కదా. బండి చేసే పనినీ సైలెన్సర్ లోపల నిలిచే నీటినీ లెక్కలోకి తీసుకోకుండా ఈ తుప్పు సంగతి అర్థం కాదన్నదే నేను ఈ రోజు మీ ముందు ఉంచదలచిన విషయం.

ముందుగా నీరు ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. వానలో తడవడం వల్లనో, కడిగినప్పుడు పైపులోకి పోవడం వల్లనో వస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ నీటిని తయారుచేసేది ఇంజనే. డీజిల్ బరువులో సుమారు 13 శాతం హైడ్రోజన్ ఉంటుంది. అది కాలి ఆక్సిజన్‌తో కలిసినప్పుడు తన బరువుకు తొమ్మిది రెట్ల నీరవుతుంది. లెక్క వేస్తే లీటరు డీజిల్ కాలినప్పుడు దాదాపు లీటరు నీరు పుడుతుంది. ఇంజను వేడిగా ఉండి లోడుతో పరుగెత్తుతున్నంత సేపూ ఆ నీరంతా ఆవిరిగా టెయిల్ పైపు నుంచి బయటకు పోతుంది కాబట్టి మన కంటికి కనపడదు. కానీ సైలెన్సర్ గోడలు చల్లగా ఉన్నప్పుడు, అంటే సుమారు 40, 50 డిగ్రీల కన్నా తక్కువ వేడిలో ఉన్నప్పుడు, ఆ ఆవిరి గోడలకు తగిలి చెమ్మగా మారి అడుగుకు జారుతుంది. దానికి మసి తోడవుతుంది. మసి తడిని పీల్చి పట్టుకోవడమే కాక, పొగలోని గంధకం, నత్రజని సంబంధమైన ఆమ్లాలను కూడా తనలో నిలిపి ఉంచుతుంది. అందువల్ల లోహం మీద ఉండేది వట్టి నీరు కాదు, పలచని ఆమ్లం కలిసిన నల్లటి బురద.

గంధకం మాట వచ్చింది కాబట్టి ఒక అపోహను ఇక్కడే తీర్చాలి. బండ్ల పొగకు కేంద్ర ప్రభుత్వం పెట్టే భారత్ స్టేజ్ (బి.ఎస్.) ప్రమాణాల్లో మూడోదైన బి.ఎస్.-3 డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్లకు 350 పాళ్ల వరకు ఉండవచ్చు. 2017లో దేశమంతటా బి.ఎస్.-4 వచ్చేసరికి అది 50కి, 2020 ఏప్రిల్ నుంచి బి.ఎస్.-6తో 10కి తగ్గింది. గంధకం ఇంతగా తగ్గింది కాబట్టి ఇక సైలెన్సర్లు తుప్పు పట్టకూడదని కొందరు వాదిస్తారు. ఆమ్లం బలం తగ్గిన మాట నిజమే. కానీ హైడ్రోజన్ తగ్గలేదు కాబట్టి నీరు ఎప్పటిలాగే పుడుతోంది. మైల్డ్ స్టీల్ అనే మామూలు ఉక్కు తుప్పు పట్టడానికి ఆమ్లం లేకపోయినా తడి, గాలి ఉంటే చాలు.

ఇప్పుడు ఆ రెండు లారీల దగ్గరకు వెళదాం. విజయవాడలో లోడు ఎత్తుకుని నాగపూర్ దాకా ఆగకుండా పోయే లారీలో సైలెన్సర్ గంటల తరబడి బాగా కాగుతుంది. బయలుదేరినప్పుడు చేరిన చెమ్మ దారిలోనే ఆవిరై ఎండిపోతుంది. విశాఖ ఓడరేవులో వరుసలో నిలబడి, ఇంజను ఆపకుండా గజం గజం జరిగి, నాలుగు కిలోమీటర్లు పోయి ఆగే లారీలో ఆ అవకాశం లేదు. ఐడిలింగ్‌లో డీజిల్ కాలుతూనే ఉంటుంది, నీరు పుడుతూనే ఉంటుంది, సైలెన్సర్ మాత్రం ఎండేంతగా కాగదు. మునిసిపాలిటీ చెత్త బండ్లు, ఊళ్లో తిరిగే నీళ్ల ట్యాంకర్లు, స్కూలు బస్సులు కూడా ఈ కోవలోవే. ఇలాంటి బండికి దూరప్రయాణపు లారీకి సరిపోయిన సైలెన్సరే వేసి, అంతే కాలం మన్నాలని ఆశించడం న్యాయం కాదు.

ఇందులో మెకానిక్‌ల వంతు కూడా కొంత ఉంది. కొన్ని సైలెన్సర్లకు అడుగున, అన్నింటికన్నా పల్లంగా ఉండే చోట మూడు మిల్లీమీటర్ల పాటి చిన్న రంధ్రం ఉంటుంది. అది నీరు కారిపోవడానికి తయారీదారు కావాలని పెట్టినది. దాని నుంచి మసి చుక్కలు కారడం చూసి లీకేజీ అనుకుని వెల్డింగ్‌తో మూసేసిన బండ్లు చాలా కనిపిస్తాయి. ఆ రంధ్రం మూస్తే వెనక ఎండ్ ప్లేటు, అంటే సైలెన్సర్ చివరను మూసే పలక దగ్గర నీరు నిలిచి, ముందుగా అక్కడే చిల్లు పడుతుంది. గ్లాస్ వూల్, అంటే గాజు దూది, నింపిన సైలెన్సర్లలో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది, ఎందుకంటే ఆ దూది తడిని రేకుకు ఒత్తి పట్టుకుంటుంది.

ఇక లోహం సంగతి. మార్కెట్లో మూడు నాలుగు రకాలు దొరుకుతాయి. చవకైనది మైల్డ్ స్టీల్. 18 గేజీ అంటే సుమారు 1.2 మిల్లీమీటర్లు, 20 గేజీ అంటే 0.9 మిల్లీమీటర్లు, గేజీ అంకె పెరిగితే రేకు పలచబడుతుందన్నది కొనేవాళ్లు గుర్తుంచుకోవాలి. దానిపైది అల్యూమినియం పూత పూసిన ఉక్కు. సిలికాన్ కలిపిన ఆ పూత ఒక్కో వైపు ఇరవై మైక్రాన్ల పాటి మందమే ఉన్నా వేడికీ చెమ్మకూ బాగా తట్టుకుంటుంది. అయితే వెల్డింగ్ చేసిన చోట అది కాలిపోతుంది. బయటి వైపు వేడికి తట్టుకునే పెయింటు వేయవచ్చు గానీ, మూసిన సైలెన్సర్ లోపలి కుట్టుకు చెయ్యి అందదు. అందుకే ఈ రేకుకు వెల్డింగ్ కన్నా మడత వేసి నొక్కిన అతుకు మేలని నా అభిప్రాయం. మడతలో తడి ఇరుక్కుంటుందన్న అభ్యంతరం ఉంది, అది సరైనదే. కానీ పూత పోయిన లోహం మీద తడి నిలవడం కన్నా, పూత ఉన్న లోహం మీద నిలవడం నయం.

ఆపైన స్టెయిన్‌లెస్ స్టీల్. సైలెన్సర్లకు ఎక్కువగా వాడే 409 రకంలో క్రోమియం సుమారు 11 శాతం ఉంటుంది, 304లో 18 శాతం క్రోమియంతో పాటు 8 శాతం నికెల్ ఉంటుంది. ఇక్కడే అయస్కాంతపు పరీక్ష చాలామందిని మోసం చేస్తోంది. అయస్కాంతం అంటుకుంటే అది స్టెయిన్‌లెస్ కాదని మన షాపుల్లో గట్టి నమ్మకం. 409కి అయస్కాంతం చక్కగా అంటుకుంటుంది, అయినా సైలెన్సర్‌కు అది మంచి లోహమే. మరోవైపు నికెల్ బాగా తగ్గించి మాంగనీసు పెంచిన 200 శ్రేణి రకాలకు అయస్కాంతం అంటుకోదు, కొత్తలో తళతళ మెరుస్తాయి, ఉప్పు గాలికి మాత్రం 304 అంతగా ఆగవు. పాత ఇనుము వ్యాపారుల దగ్గర మాంగనీసును పట్టిచ్చే రసాయనపు చుక్కల పరీక్ష ఉంటుంది. అయస్కాంతం కన్నా దాన్ని నమ్మవచ్చు. మరో మాట: 409 మీద పైపైన గోధుమరంగు తుప్పు రావడం సహజం. అది చూసి మోసపోయామని గొడవకు దిగనక్కరలేదు, గోకి చూస్తే కింద లోహం గట్టిగానే ఉంటుంది. కానీ అదే 409 రేకును మామూలు మైల్డ్ స్టీల్ రాడ్‌తో వెల్డ్ చేస్తే మాత్రం ఆ కుట్టునే తుప్పు ముందుగా తినేస్తుంది. స్టెయిన్‌లెస్‌కు స్టెయిన్‌లెస్ వైరే వాడాలి.

బయటి వైపు నుంచి వచ్చే తుప్పు గురించి క్లుప్తంగా చెబుతాను. ఇంటర్నెట్లో దొరికే సలహాల్లో ఎక్కువ భాగం అమెరికా పికప్ ట్రక్కుల గురించినవి. అక్కడ మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. మనకు ఆ బెడద లేకపోయినా తీరం పొడుగునా సముద్రపు గాలి ఉంది, నౌపడ ఉప్పు లోడు ఉంది, చేపల రేవుల నుంచి వచ్చే లారీల్లో ఐసు కరిగి కారే ఉప్పునీళ్లు ఉన్నాయి. ఆ నీళ్లు కాగిన సైలెన్సర్ మీద పడి ఆవిరైపోతే ఉప్పు మాత్రం అక్కడే పేరుకుంటుంది. ఇలాంటి లోడు దించాక ఛాసిస్ అడుగును మంచినీళ్లతో కడగాలి. బోరునీళ్లు ఉప్పగా ఉంటే దానివల్ల మేలు కన్నా కీడే ఎక్కువ. పైన పూసే మామూలు వెండిరంగు కొద్ది రోజుల్లోనే కాలి రాలిపోతుంది. 600 డిగ్రీలకు తట్టుకునే సిలికాన్ పెయింటు వేసినా, దాన్ని మెల్లగా వేడి చేసి గట్టిపడనివ్వకపోతే అదీ పెచ్చులుగా ఊడుతుంది.

బి.ఎస్.-6 లారీల విషయంలో ఒక హెచ్చరిక చేయాలి. వాటిలో సైలెన్సర్‌లా కనిపించే పెద్ద డబ్బా వట్టి సైలెన్సర్ కాదు. పొగను శుద్ధి చేసే కెటలిస్టులు, మసి వడపోత, యూరియా ద్రావణంతో నత్రజని ఆక్సైడ్లను తగ్గించే భాగం అందులోనే ఉంటాయి. అది తుప్పు పట్టిందని తీసేసి ఖాళీ డబ్బా బిగించడం చట్టవిరుద్ధం, ఇంజను కంట్రోల్ యూనిట్ కూడా దాన్ని పట్టేస్తుంది. నేను ఇప్పటిదాకా బయట కొని వేయించే సైలెన్సర్ల గురించి చెప్పిన మాటలు అంతకు ముందు తరం లారీలకే వర్తిస్తాయి.

యజమానులు షాపులో అడిగేది ధర ఒక్కటే కాబట్టి తయారీదారులు పలచటి రేకు మీద మందపాటి రంగు వేసి అమ్ముతున్నారని నేను అనుకుంటున్నాను. ఏ రకం ఉక్కు, ఎన్ని మిల్లీమీటర్లు, ఎండ్ ప్లేట్లు, లోపల శబ్దాన్ని తగ్గించే అడ్డు పలకలైన బఫుల్ ప్లేట్లు కూడా అదే రేకుతో చేశారా అని అడిగి, ఆ వివరాలను బిల్లు మీద రాయించుకోండి. బయటి డబ్బా స్టెయిన్‌లెస్‌తో చేసి లోపల మైల్డ్ స్టీల్ పెట్టిన సైలెన్సర్ చూడటానికి ఏళ్లపాటు బాగానే ఉంటుంది, లోపలి ప్లేట్లు మాత్రం ఊడి గలగలమంటాయి. కొన్న తరువాత ప్రతి సర్వీసుకూ వెనక ఎండ్ ప్లేటు అడుగు అంచును చిన్న సుత్తితో తట్టి చూడండి. గట్టి రేకు ఖంగుమంటుంది, లోపల తినేసిన రేకు మొద్దుగా పలుకుతుంది. అడుగు రంధ్రంలో మసి గడ్డకట్టి ఉంటే ఒక తీగతో పొడిచి తెరవండి.