డిపాజిట్ ఎక్కడిది, అప్పు ఎక్కడికి?

అందరికీ నమస్కారం. కామర్స్ పిల్లలకు బ్యాంకుల గురించి చెప్పమంటే ఎవరైనా రెపో రేటుతో మొదలుపెడతారు. నేను రంగు పెన్సిళ్లతో మొదలుపెడతాను.

1930ల్లో అమెరికాలో ఇళ్ల అప్పులు చూసే ఒక ప్రభుత్వ సంస్థ 200కు పైగా నగరాలకు మ్యాపులు తయారుచేసింది. అప్పుకు భేషైన పేటలకు ఆకుపచ్చ, ఆ తర్వాత నీలం, పసుపు, ప్రమాదం అనుకున్నవాటికి ఎరుపు. నల్లజాతివాళ్లుండే పేటలు దాదాపు అన్నీ ఎరుపే. ఇంటి అప్పులకు బీమా ఇచ్చే మరో ప్రభుత్వ సంస్థ కూడా అలాంటి చోట్లను పక్కన పెట్టింది. జీతం ఉన్నా, ఇల్లు గట్టిదైనా, అడ్రస్ చూడగానే అప్పు లేదనేవారు. ఆ పేటవాళ్ల డిపాజిట్లు మాత్రం చేదు కాదు! ఆ డబ్బు ఊరి బయట కొత్త కాలనీల్లో మేడలుగా లేచేది. దీనికే రెడ్‌లైనింగ్ అని పేరు.

షికాగోలో గేల్ సిన్‌కోటా అనే గృహిణి, ఆరుగురు కొడుకుల తల్లి, ఇరుగుపొరుగును కూడగట్టి దీనిమీద పోరాడింది. నాకు నచ్చిన సంగతేమిటంటే, వాళ్లు లెక్క అడిగారు. ఏ పేటలో ఎన్ని ఇంటి అప్పులిచ్చారో బయటపెట్టండి అన్నారు. 1975లో అందుకు చట్టం వచ్చింది. అంకెలు బయటికొచ్చాక బుకాయించడం కష్టం కదా. రెండేళ్లకే, 1977లో, సెనేటర్ విలియం ప్రాక్స్‌మైర్ చొరవతో కమ్యూనిటీ రీఇన్వెస్ట్‌మెంట్ యాక్ట్ వచ్చింది. డిపాజిట్లు సేకరించిన చోట, పేదల పేటలతో సహా, అప్పుల అవసరం చూడాల్సింది ఆ బ్యాంకే అంది.

ఇంత శాతం ఇవ్వాలన్న కోటా అందులో లేదు. జరిమానా లేదు. మరి ఎలా పనిచేసింది? బ్యాంకులకు గ్రేడ్లు వేస్తారు, నాలుగు రకాలు. ఇంకో బ్యాంకును కలుపుకోవాలన్నా, కొత్త బ్రాంచి తెరవాలన్నా ఆ రికార్డు తిరగేస్తారు. అప్పుడు పేటవాళ్లు అభ్యంతరం రాసి పంపొచ్చు. విలీనం ఆగిపోతుందేమోనని బ్యాంకుకు టెన్షన్. ముహూర్తం దగ్గరపడ్డాక అలిగిన మేనమామను బతిమాలినట్టు, అంతవరకు పలకరించని పేట సంఘాలను పిలిచి కూర్చోబెట్టి, ఇన్ని కోట్ల అప్పులిస్తామని ఒప్పందాలు రాసుకున్న బ్యాంకులున్నాయి.

2008 ఆర్థిక సంక్షోభానికి ఈ చట్టమే కారణమని కొందరు అన్నారు. అక్కడి కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ లెక్క చూస్తే, ఆ సంక్షోభానికి దారితీసిన ఎక్కువ వడ్డీ ఇంటి అప్పుల్లో ఈ చట్టం ఖాతాలోకి వచ్చేవి సుమారు 6 శాతమే.

వాళ్లకు లేనిది మనకు ఒకటుంది. మన వాణిజ్య బ్యాంకులకు ప్రాధాన్య రంగానికి, అంటే వ్యవసాయం, చిన్న పరిశ్రమల్లాంటివాటికి, అప్పుల్లో 40 శాతం ఇవ్వాలన్న లక్ష్యం ఉంది. రాష్ట్రస్థాయి బ్యాంకర్ల కమిటీ పత్రాల్లో జిల్లాలవారీ క్రెడిట్-డిపాజిట్ నిష్పత్తి, అంటే వంద రూపాయల డిపాజిట్‌కు ఎంత అప్పిచ్చారన్న అంకె, దొరుకుతుంది. తెలంగాణలోనూ ఆంధ్రాలోనూ రాష్ట్రం మొత్తానికి అది నూరు దాటిందని మురిసిపోతాం. ఏ బ్యాంకు ఏ వార్డులో ఎంత అప్పిచ్చిందో మాత్రం అందులో కనపడదు.

అందుకే మీకో పని చెబుతున్నాను. మీ జిల్లా అంకె రాసుకోండి. తర్వాత మీ వీధిలో పది ఇళ్లకు వెళ్లి, చివరిసారి అప్పు ఎక్కడ తెచ్చారని అడగండి. బ్యాంకు మాట ఎన్నిసార్లు వచ్చింది, డైలీ ఫైనాన్స్ మాట ఎన్నిసార్లు వచ్చింది, రెండు గడులు గీసి నింపండి. పేర్లు రాయొద్దు. వచ్చే వారం ఆ కాగితాలు పట్టుకుని ఇక్కడే కూర్చుందాం.