పల్లి గంప, బల్లి కంప

తమ్ముడు: శ్రోతలందరికీ నమస్కారం. మొన్న దసరా సాయంత్రం అచ్చంపేట దగ్గర మా ఊళ్లో, పెద్దల చేతుల్లో జమ్మి ఆకు పెట్టి దండాలు పెట్టుకున్న తరువాత, పదకొండు మందిమి వాకిట్లో గుండ్రంగా కూర్చొని చెవిలో మాట చెప్పే ఆట ఆడాము. ఆ రోజు మొదటి మాట అందించిన మా అక్క ఇప్పుడు నా ఎదురుగా ఉంది. ఆమె బడిలో తెలుగు చెబుతుంది. అక్కా, ఆ వాక్యాన్ని ముందే ఆలోచించి పెట్టుకున్నావా?

అక్క: పెట్టుకున్నాను. యాసంగి పల్లి విత్తే రోజులు కాబట్టి ఎవరికీ అనుమానం రాదనుకొని, "పల్లి గంప గుడి పక్క బాటల పడింది" అని చిన్నమ్మ చెవిలో ఒక్కసారే చెప్పాను. మళ్లీ అడగకూడదన్నది నియమం. చివర కూర్చున్న బావ లేచి నిలబడి, "బల్లి కంపల కుడి పక్క పాట పాడింది" అని ప్రకటించాడు.

తమ్ముడు: వాకిలంతా నవ్వులే. అవ్వకు వినికిడి కొంచెం తక్కువ కాబట్టి అందరమూ ఆమె వైపే చూశాము.

అక్క: అక్కడే పొరపాటు పడ్డారు. గుసగుసగా చెప్పేటప్పుడు గొంతులోని స్వరతంత్రులు కంపించవు. క, గ లను నోటిలో ఒకే చోట పలుకుతాము. ప, బ లూ అంతే. వాటిని ముఖ్యంగా వేరు చేసేది ఆ కంపనమే కాబట్టి, అది లేనప్పుడు క, ప లాంటి పరుషమేదో, గ, బ లాంటి సరళమేదో చెవి ఊహించుకోవలసి వస్తుంది. అందుకే గంప కంప అయింది, గుడి కుడి అయింది, బాట పాట అయింది. 'పూచెన్ కలువలు' అన్నది 'పూచెను గలువలు' కావడానికి సరళాదేశ సంధి అని ఒక సూత్రమైనా ఉంది. మన వాకిట్లో అదీ లేదు.

తమ్ముడు: మరి 'పడింది' 'పాడింది' ఎలా అయింది? అందులో పరుషమూ సరళమూ తారుమారు కాలేదు కదా.

అక్క: దాని జాడ కోసమే ఆట ముగిశాక చివరి నుంచి ఒక్కొక్కరినీ అడుగుతూ వచ్చాను. తొమ్మిదో చోట కూర్చున్న అవ్వకు అందింది "బల్లి కంప కుడి పక్క పాటల పడింది" అన్న మాట. అది తలా తోకా లేని మాటే అయినా, ఆమె విన్నది విన్నట్టే పక్కవారికి అందించింది. ఆ పక్కన కూర్చున్నది ఎవరు?

తమ్ముడు: నేనే. అర్థం లేని మాట చెబితే నన్ను నవ్వుతారని, పాట ఉన్నది కనుక పాడే ఉంటుందనుకొని, 'ల'ను పాట నుంచి తీసి కంపకు తగిలించాను.

అక్క: నీ ఒక్కడి సంగతే కాదులే. కేంబ్రిడ్జిలో ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఒకరు గుర్తుంచుకొని రాసిన కథను మరొకరికిచ్చి చదివించి, వారి చేత మళ్లీ రాయించి, అది ఎలా మారుతుందో 1932లో వెలువరించాడు. సీల్ జంతువుల వేట చేపలు పట్టడంగా మారింది. కథ పొట్టిదైంది, తెలియనివి పోయి తెలిసినవి వచ్చి చేరాయి. అక్కడ గుసగుసలే లేవు, అంతా కాగితం మీదే జరిగింది.

తమ్ముడు: అంటే అవ్వకు నేను క్షమాపణ బాకీ ఉన్నాను.

అక్క: ఆమె దాన్ని పట్టించుకోనే లేదు. అసలు వాక్యం చెప్పగానే, "మరి ఆ పడ్డ పల్లీలు ఎవరు ఏరిండ్రు?" అని అడిగింది.