సకమోతో అనే ఇంటిపేరు

శ్రోతలకు నమస్కారం.

జపాన్‌లో టోక్యోను ఆనుకుని కవాసాకి అనే నగరం ఉంది. అక్కడ కేక్యూ అనే రైలు కంపెనీ స్టేషన్‌లో బండి వస్తోందని చెప్పడానికి ఒక పాట బాణీ వేస్తారు. చిన్న ముక్క, అంతే. వినగానే ఎక్కడో విన్నామే అనిపిస్తుంది. ఆ పాట పాడినాయన 1941లో ఆ ఊళ్లోనే పుట్టారు. పేరు సకమోతో క్యూ.

ముందు ఆ ఇంటిపేరు సంగతి చెబుతాను. 'సక' అంటే వాలు, అంటే దారి ఎత్తుకు ఎక్కే చోటు. 'మోతో' అంటే మొదలు. రెండూ కలిపితే వాలు మొదట్లో ఉండే చోటు. 'మోతో', 'మొదలు' వినడానికి దగ్గరగా ఉన్నాయి కానీ అది కాకతాళీయమే. మనలాగే వాళ్లూ ఇంటిపేరు ముందు చెప్పి, అసలు పేరు తర్వాత చెబుతారు. మనకు కొండపల్లివారు, తాడేపల్లివారు ఉన్నట్టే వాళ్లకూ నేలను బట్టి, ఊరిని బట్టి వచ్చిన ఇంటిపేర్లు చాలా ఉన్నాయి. ఒకప్పుడు జపాన్‌లో మామూలు జనం ఇంటిపేరు అధికారికంగా పెట్టుకోవడానికి వీలుండేది కాదు. 1870లో మెయిజీ ప్రభుత్వం అందుకు అనుమతి ఇచ్చింది. 1875లో అందరికీ ఇంటిపేరు ఉండి తీరాలని ఆజ్ఞ వేసింది. వాలు మొదట్లో ఇళ్లు ఏ ఊళ్లోనైనా ఉంటాయి కదా! కాబట్టి సకమోతో అన్న వాళ్లంతా చుట్టాలని అనుకోకూడదు. ఈ ఇంటిపేరుతో పేరు తెచ్చుకున్న కళాకారులను అన్నదమ్ములనో, తండ్రీకొడుకులనో పొరబడేవాళ్లున్నారు. అందుకే ఈ వేళ వాళ్ల గురించి మాట్లాడాలనుకున్నాను.

క్యూ గారి సంగతి మరీ చిత్రం. తొమ్మిదిమంది పిల్లల్లో ఆయన ఆఖరివాడు. అందుకే పేరుగా 'తొమ్మిది' అనే అక్షరమే పెట్టారు. అసలు పేరుగా దాన్ని హిసాషి అని పలకాలి, వేదిక మీద క్యూ అన్నారు. అమ్మానాన్నలు విడిపోయాక ఆయనకు అమ్మగారి ఇంటిపేరు వచ్చింది. కాగితాల మీద ఓషిమా, పాటలో సకమోతో. లోకమంతటికీ తెలిసిన ఆ ఇంటిపేరు అప్పటికి ఆయన ఇంట్లో లేదు.

ఆ స్టేషన్‌లో వినిపించే పాట రాసినాయన ఎయి రోకుసుకే, బాణీ కట్టినాయన నకమురా హచిదాయి. జపాన్ భాషలో రోకు అంటే ఆరు, హచి అంటే ఎనిమిది, క్యూ అంటే తొమ్మిది. ముగ్గురి పేర్లలోనూ అంకెలే! జనం వాళ్లను 'ఆరు, ఎనిమిది, తొమ్మిది' అని పిలుచుకునేవారు.

1960లో అమెరికాతో భద్రతా ఒప్పందం వద్దంటూ జపాన్ జనం పెద్ద ఎత్తున వీధుల్లోకి వచ్చారు. ఒప్పందం ఆగలేదు. ఆ ప్రదర్శన నుంచి మనసు విరిగి ఇంటికి నడిచి వస్తూ ఎయి గారు ఈ పాట అనుకున్నారు. కన్నీళ్లు కింద పడకుండా తల పైకెత్తి నడుద్దాం అనేది పాట సారాంశం. రాజకీయాల మాట ఒక్కటీ లేదు, అందుకే అది ఎవరి దుఃఖానికైనా సరిపోయింది. క్యూ గారు మాటలను సాగదీసి, మధ్యలో విరిచి, గొంతులో చిన్న వణుకుతో పాడారు. మొదటిసారి విన్నప్పుడు రాసినాయనకే ఆ తీరు నచ్చలేదు. మాటలు ఆగిన చోట క్యూ గారు ఈల వేస్తారు. నాకు ఆ ఈల అంటే ప్రాణం. ఏడుపు ఆపుకునే మనిషి చేసే పనే అది. ఇంకో సంగతి. ఈ బాణీ చాలావరకు జపాన్‌వాళ్లు మధ్యమం, నిషాదం వదిలేసి పాడే స్వరవరుసలో సాగుతుంది. అవే స్వరాలు మన మోహన రాగానివి. మొదటిసారి విన్నా మన చెవికి కొత్తగా ఉండకపోవడానికి అదే కారణమని నా నమ్మకం.

1961లో జపాన్‌లో విడుదలైన ఆ పాట 1963 జూన్‌లో అమెరికాలో జనాదరణను బట్టి పాటలను వరుసపెట్టే బిల్‌బోర్డ్ పట్టికలో మూడు వారాలు మొదటి స్థానంలో నిలిచింది. మాటలన్నీ జపాన్ భాషవే. యుద్ధం ముగిసి అప్పటికి 18 ఏళ్లే. కానీ అక్కడ ఆ పాట 'సుకియాకీ' అనే పేరుతో వచ్చింది. అది మాంసం, కూరగాయలు కలిపి ఉడికించుకునే వంటకం. పాటలో దాని ఊసే లేదు. నోరు తిరగడానికి సులువుగా ఉంటుందని కూర పేరు తగిలించారు. ఒక మనిషి దుఃఖానికి ఇలాంటి పేరు పెట్టడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

1985 ఆగస్టు 12. పెద్దలను తలుచుకునే ఓబోన్ పండుగ రోజులు కావడంతో విమానాల్లో రద్దీగా ఉంది. టోక్యో నుంచి ఒసాకా వెళ్లే జపాన్ ఎయిర్‌లైన్స్ 123 విమానం గున్మా కొండల్లో కూలిపోయింది. 524 మందిలో నలుగురే బతికారు. పోయినవాళ్లలో క్యూ గారు ఒకరు. వయసు 43.

ఇదే ఇంటిపేరుతో ఇద్దరు స్త్రీల గొంతులు జపాన్‌లో ఇంటింటికీ తెలుసు. సకమోతో మాయా గారు డబ్బింగ్ కళాకారిణి, గాయని. 1996లో 16 ఏళ్ల వయసులో ఒక యానిమే, అంటే జపాన్ బొమ్మల సీరియల్ కథానాయికకు గొంతిచ్చి, దాని పాటా ఆమే పాడారు. సకమోతో ఫుయుమి గారిది వకయామా ప్రాంతం. ఆమె పాడేది ఎంకా. గొంతును తిప్పుతూ, విరహం, సొంతూరు, సముద్రం గురించి పాడే పాటలవి. గాయని కాకముందు ఆమె ఊరగాయ కంపెనీలో పనిచేశారు. ఆ తర్వాత గురువుగారి ఇంట్లోనే ఉండి పాట నేర్చుకుని 1987లో మొదటి పాట విడుదల చేశారు. 1991లో ఆమె ఇద్దరు రాక్ కళాకారులతో కలిసి ఒక బృందంగా పాడారు. అందులో ఒకాయన హోసోనో హరువోమి.

ఆ హోసోనో గారే 1978లో సకమోతో ర్యూయిచి గారితో, తకహాషి యుకిహిరో గారితో కలిసి 'ఎల్లో మ్యాజిక్ ఆర్కెస్ట్రా' పెట్టారు. సింథసైజర్లతో కొత్త శబ్దాలు పుట్టించిన బృందం అది. ర్యూయిచి గారు సంగీతం యూనివర్సిటీలో చదువుకున్నారు. అందుకే ఆయనకు 'ప్రొఫెసర్' అనే ముద్దుపేరు. 'ది లాస్ట్ ఎంపరర్' సినిమా సంగీతానికి 1988లో మరో ఇద్దరితో కలిసి ఆస్కార్ అందుకున్నారు. 2023 మార్చి 28న, 71 ఏళ్ల వయసులో కేన్సర్‌తో పోయారు.

ఆయన పేరు వినగానే నాకు ఆస్కార్ గుర్తుకు రాదు, ఒక పాడైపోయిన పియానో గుర్తొస్తుంది. 2011 మార్చి సునామీలో మియాగి ప్రాంతంలోని ఒక వ్యవసాయ హైస్కూలు పియానో నీళ్లలో మునిగింది. తర్వాత ఆయన వెళ్లి దాని ముందు కూర్చున్నారు. నొక్కితే కొన్ని మెట్లు పైకి రావడం లేదు, తీగలు శ్రుతి తప్పాయి. నీళ్లలో మునిగి చనిపోయిన పియానో శవాన్ని ముట్టుకున్నట్టు ఉందని ఆయన చెప్పారు. రానురాను ఆ శబ్దమే ఆయనకు నచ్చసాగింది. చెక్కను నెలల తరబడి వంచి, తీగలను టన్నుల బరువంత బిగువుతో లాగి కట్టి, దాన్ని మనం శ్రుతి అంటున్నాం. సునామీ ఒక్కసారిగా ఆ కట్టు విప్పేసి, పియానోను దాని సహజ స్థితికి చేర్చిందని ఆయన అనుకున్నారు. ఆ తప్పిన స్వరాలను 2017లో తన ఆల్బమ్‌లో వాడుకున్నారు.

అదే ఏడాది చివర్లో టోక్యోలో ఒక చీకటి గదిలో ఆ పియానోను ప్రదర్శనకు పెట్టారు. దాని ముందు ఎవరూ కూర్చోరు. ప్రపంచమంతటా నమోదైన భూకంపాల సమాచారాన్ని దానికి అనుసంధానించారు. ఎక్కడో నేల కదిలిన లెక్క వస్తుంది. ఇక్కడ ఒక మెట్టు దానంతట అదే కిందికి దిగుతుంది. శబ్దం వస్తుంది, గది మళ్లీ నిశ్శబ్దమవుతుంది.

నమస్కారం.