ట్రినిటీ డెస్క్‌టాప్ రివ్యూ: అందరూ వదిలేసిన కోడ్‌కి చాకిరీ చేస్తున్నదెవరు?

నమస్తే అండి. స్క్రీన్ మీద కనిపిస్తున్నది చూసి "ఏంటన్నా, ఎక్స్‌పీ వేశావా?" అని కామెంట్ పెట్టకండి. మా ఆఫీసులో అనంతపురం కుర్రాడొకడు ఆ మాట ఇప్పటికే అనేశాడు. ఇది లినక్స్. దాని మీద మెనూలు, విండోలు, ప్యానెల్ చూపించే ఈ డెస్క్‌టాప్ పేరు ట్రినిటీ డెస్క్‌టాప్ ఎన్విరాన్‌మెంట్, పొట్టిగా టీడీఈ. నడుస్తున్నది మన బెంగళూరు ఎస్పీ రోడ్డులో సెకండ్ హ్యాండ్‌లో కొన్న కోర్ టూ డుయో ల్యాప్‌టాప్ మీద. ర్యామ్ 2 జీబీ. ఈ రోజుల్లో ఆ ర్యామ్‌తో బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు తెరిస్తేనే మెషిన్ మూలుగుతుంది. ఇక్కడ డెస్క్‌టాప్ మాత్రం చకచకా కదులుతోంది. మెనూ నొక్కీ నొక్కగానే తెరుచుకుంటోంది, చూడండి.

ముందు కాస్త చరిత్ర. త్వరగా ముగించేస్తాను. లినక్స్‌కి ఉన్న డెస్క్‌టాప్‌లలో కేడీఈ ఒకటి. 2005 నవంబర్‌లో దాని 3.5 వెర్షన్ వచ్చింది. అప్పట్లో లినక్స్ వాడిన వాళ్లలో చాలామందికి అదే ఇష్టమైన డెస్క్‌టాప్. 2008 జనవరిలో కేడీఈ 4.0 విడుదల చేశారు. ప్యానెల్, డెస్క్‌టాప్ అన్నీ దాదాపు మొదటి నుంచి రాసుకొచ్చారు, కానీ అది రోజూ వాడుకునే స్థితిలో లేదు. లినక్స్‌ని సృష్టించిన లైనస్ టోర్వాల్డ్స్ అంతటివాడే విసుగొచ్చి గ్నోమ్ అనే ఇంకో డెస్క్‌టాప్‌కి మారిపోయానని 2009లో బహిరంగంగా చెప్పాడు. పాత వరసలో చివరిది 3.5.10. అది 2008 ఆగస్టులో వచ్చింది, ఆ తర్వాత ఆ కోడ్‌ని కేడీఈ వాళ్లు వదిలేశారు. కుబుంటు అనే లినక్స్ వాడేవాళ్ల కోసం కేడీఈ 3 ప్యాకేజీలు చూసుకుంటున్న తిమోతీ పియర్సన్ ఆ 3.5.10 కోడ్‌ని తీసుకుని 2010లో ట్రినిటీ మొదలుపెట్టాడు.

ఇలా ఒకరి కోడ్‌ని తీసుకుని వేరే ప్రాజెక్టు మొదలుపెట్టడాన్ని ఫోర్క్ అంటారు. ఫోర్క్ చేయడం ఎవరైనా చేస్తారండి. కోడ్ కాపీ చేసుకోవడం, పేరు మార్చడం, ఒక వెబ్‌సైట్ పెట్టడం, ఇదంతా ఒక వీకెండ్ పని. ఆ తర్వాత పదిహేనేళ్లు దాన్ని నిలబెట్టడం ఉంది చూశారా, నేను చెప్పాలనుకున్నది దాని గురించే. బెంగళూరులో ఐటీ ఉద్యోగం చేసేవాళ్లకి తెలుసు, "నన్ను సపోర్ట్ ప్రాజెక్ట్‌లో పడేశారు" అని మనం ఎంత దిగులుగా చెప్పుకుంటామో. మారతహళ్లి పీజీల్లో రాత్రి భోజనాల దగ్గర సగం ఏడుపు అదే. ఎవరో రాసి వెళ్లిపోయిన కోడ్. డాక్యుమెంటేషన్ ఉండదు, పగిలిన చోటల్లా అతుకు వేయాలి. ట్రినిటీ వాళ్లు సరిగ్గా ఆ పనినే జీతం లేకుండా, ఖాళీ సమయంలో, ఇష్టపడి చేస్తున్నారు.

ఏం పగులుతుంది, ఎందుకు పగులుతుంది? ఒకటి చూపిస్తాను. ఇదిగో, పెన్ డ్రైవ్ పెడుతున్నాను. పెట్టగానే "ఏం చేయమంటారు?" అని చిన్న విండో వచ్చింది. చూడ్డానికి ఇది 2005 నాటి విండోనే. కానీ అప్పట్లో ఈ విండో హాల్ అనే సాఫ్ట్‌వేర్‌ని అడిగి తెలుసుకునేది, ఏ పరికరం పెట్టారు, దాంట్లో ఏముంది అని. తర్వాత లినక్స్ ప్రపంచం మొత్తం హాల్‌ని పక్కన పెట్టేసింది. ఇక పాత కోడ్ ఎవరిని అడుగుతుంది? పెన్ డ్రైవ్ పెట్టినా ఉలుకూ పలుకూ ఉండదు. అందుకని ట్రినిటీ వాళ్లు సొంతంగా ఒక హార్డ్‌వేర్ లైబ్రరీ రాసుకున్నారు. అది పరికరాల్ని గుర్తించే యూడెవ్ అనే లినక్స్ భాగం నుంచి సమాచారం తెచ్చి, పైనున్న ఆ పాత విండోకి అందిస్తుంది. ఇది 2014 డిసెంబర్‌లో వచ్చిన ట్రినిటీ వెర్షన్ ఆర్14.0తో చేరింది. మనకి కనిపించే తేడా సున్నా. వాళ్ల శ్రమంతా అలా తేడా కనిపించకుండా ఉండటానికే పోయింది.

ఇలాంటివి వస్తూనే ఉంటాయి. నెట్ మీద డేటాని గోప్యంగా పంపడానికి వాడే ఓపెన్ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీ 1.1లో దాని లోపలి స్ట్రక్చర్లను బయటి కోడ్ నేరుగా ముట్టుకోవడం కుదరదన్నారు, తర్వాత 3.0 వచ్చింది. కోడ్‌ని ప్రోగ్రామ్‌గా మార్చే జీసీసీ కంపైలర్‌లో, 2021లో వచ్చిన 11 నుంచి సీ++ భాష కొత్త ప్రమాణం సీ++17 డిఫాల్ట్ అయింది. దాంతో 'రిజిస్టర్' అనే పాత కీవర్డ్ వాడిన కోడ్ అంతా ఎర్రర్లు కొట్టడం మొదలుపెట్టింది. నిన్నటిదాకా బాగానే కంపైల్ అయిన ఫైలు, ఎవరూ వేలు పెట్టకపోయినా ఈరోజు ఫెయిల్. కోడ్‌ని కంపైల్ చేసే ఏర్పాటునే ఆటోటూల్స్ అనే పాత టూల్స్ నుంచి సీమేక్ అనే కొత్తదానికి మార్చుకుంటూ వచ్చారు. కొత్త ఫీచర్ వేసి చప్పట్లు కొట్టించుకునే పని ఇందులో ఒక్కటీ లేదు.

ఇక్కడ మాటే (MATE) అనే ఇంకో డెస్క్‌టాప్ గురించి ఒక మాట. అదీ ఇలాంటి ఫోర్కే. 2011లో గ్నోమ్ 3 వచ్చాక, గ్నోమ్ 2ని వదులుకోలేక పెర్‌బెరోస్ అనే పేరుతో తెలిసిన అర్జెంటీనా యూజర్ మొదలుపెట్టాడు. కానీ మాటే వాళ్లు కొంత కొంతగా జీటీకే 3 అనే టూల్‌కిట్‌కి, అంటే బటన్లూ మెనూలూ గీసే కోడ్‌కి, మారిపోయారు, 2017లో వచ్చిన 1.18తో ఆ మార్పు పూర్తయింది. జీటీకే సంగతి చూసుకోవడానికి వేరే టీమ్ ఉంది. అంటే మాటే వాళ్లు పాత ఇంటి సామానంతా సర్దుకుని కొత్త అద్దె ఇంట్లో దిగారు. ట్రినిటీ వాళ్లేమో ఓనర్ వదిలేసిపోయిన ఇంటిని తామే రాయించుకున్నారు. ఇక పునాది బీటలు కూడా వాళ్ల నెత్తినే. ఎందుకంటే కేడీఈ 3 కింద ఉన్నది క్యూటీ 3 అనే టూల్‌కిట్. తయారుచేసిన ట్రోల్‌టెక్ కంపెనీ దానికి సపోర్ట్ 2007లోనే ఆపేసింది. క్యూటీ 4కి మారడమంటే మళ్లీ మొత్తం తిరగరాయడమే. అందుకని వీళ్లు క్యూటీ 3నే ఫోర్క్ చేసి టీక్యూటీ 3 అని పెట్టుకుని, దాన్నీ తామే చూసుకుంటున్నారు. డెస్క్‌టాపూ వాళ్లదే, దాని కింద టూల్‌కిట్టూ వాళ్లదే. కొందరు దీన్ని మొండితనం అంటారు. నాకైతే ఉన్న మనుషులతో చేయగలిగిన పని ఇదే అనిపిస్తుంది.

లోపలి పేర్లు కూడా మార్చారు. కేడీఈలిబ్స్ కాస్తా టీడీఈలిబ్స్ అయింది, క్యూవిడ్జెట్ టీక్యూవిడ్జెట్ అయింది. ఫైళ్లన్నీ ఆప్ట్ కింద ట్రినిటీ అనే ఫోల్డర్‌లో, మన సెట్టింగ్‌లు హోమ్‌లో డాట్ ట్రినిటీ అనే ఫోల్డర్‌లో ఉంటాయి. దీనివల్ల లాభమేంటంటే, ఒకే మెషిన్‌లో కేడీఈ ఇప్పటి డెస్క్‌టాప్ ప్లాస్మా, ఈ ట్రినిటీ రెండూ పెట్టుకోవచ్చు. ఒకదాని జోలికి ఇంకోటి రాదు. లాగిన్ స్క్రీన్‌లో ఏది కావాలో ఎంచుకోవడమే.

సరే, వాడకం సంగతికొద్దాం. ఇందులో నా ప్రాణం కాంకరర్. ఫైల్ మేనేజర్ అదే, బ్రౌజర్ అదే. అడ్రస్ బార్‌లో ఫిష్ అని కొట్టి, కోలన్, రెండు స్లాష్‌లు, తర్వాత నా రెండో మెషిన్ అడ్రస్ ఇస్తున్నాను. పాస్‌వర్డ్ అడిగింది. అయిపోయింది, వేరే మెషిన్‌లోకి భద్రంగా లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ మీదుగా ఆ మెషిన్ ఫోల్డర్లు వచ్చేశాయి. ఇప్పుడు కంట్రోల్, షిఫ్ట్, ఎల్ నొక్కితే విండో నిలువుగా రెండు ముక్కలైంది. ఎడమ వైపు అది, కుడి వైపు ఇది, మధ్యలో లాగి పడేయడమే. మల్టీమీడియా ప్లగిన్ల ప్యాకేజీ వేసుకుంటే ఇంకో తమాషా ఉంది. ఆడియో సీడీ పెట్టి కాంకరర్‌లో తెరిస్తే లోపల ఓగ్ వోర్బిస్, ఎంపీ3 అని ఫోల్డర్లు కనిపిస్తాయి. నిజానికి సీడీలో ఆ ఫోల్డర్లు ఉండవు. అందులోంచి ఫైల్‌ని కాపీ చేస్తుంటే అప్పటికప్పుడు మార్చి ఇస్తుంది. మా నాన్నగారి భక్తిగీతాల సీడీలన్నీ ఫోన్‌లోకి ఎక్కింది ఇలాగే.

బ్రౌజర్‌గా మాత్రం కాంకరర్‌ని పక్కన పెట్టండి. దీని లోపల వెబ్ పేజీలు చూపించేది కేహెచ్‌టీఎంఎల్ ఇంజన్. ఆపిల్ దాన్ని తీసుకునే వెబ్‌కిట్ చేసింది, 2003లో సఫారీతో పాటు బయటపెట్టింది. 2013లో గూగుల్ ఆ వెబ్‌కిట్ నుంచి బ్లింక్ చేసింది. మీ ఆండ్రాయిడ్ ఫోన్‌లో క్రోమ్ నడిచేది దాని మీదే. అంత పెద్ద వంశానికి మూలపురుషుడు ఇప్పటి వెబ్‌సైట్లు తెరవలేక చతికిలపడుతున్నాడు. ఫైర్‌ఫాక్స్ వేసుకోండి. బ్యాంకు పనులైతే కాంకరర్‌లో అస్సలు వద్దు.

ఇంకొన్ని చిక్కులున్నాయి. 4కే మానిటర్ తగిలిస్తే ఫాంట్లు పెంచుకోవచ్చు గానీ, ఐకన్లూ బటన్లూ చీమల్లా ఉంటాయి. అన్నిటికంటే పెద్ద టెన్షన్ వేలాండ్. స్క్రీన్ మీద విండోలు చూపించే పాత పద్ధతి ఎక్స్11, దాని స్థానంలోకి వస్తున్నది వేలాండ్. ట్రినిటీ పూర్తిగా ఎక్స్11 మీద ఆధారపడింది. 2025లో రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 10 ఎక్స్11ని నడిపే ఎక్స్‌ఆర్గ్ సర్వర్‌ని తీసేసింది. అదే ఏడాది గ్నోమ్ 49 ఎక్స్11 సెషన్‌ని డిఫాల్ట్‌గా ఆపేసింది. డెబియన్ అనే లినక్స్‌లో ఎక్స్‌ఆర్గ్ ఉంది కాబట్టి ఇప్పటికిప్పుడు భయం లేదు. హాల్ పోతే లైబ్రరీ రాసుకున్నారు, సరే. డిస్‌ప్లే సర్వరే పోతే అది వేరే స్థాయి పని, ఆ కాస్త మందితో అయ్యేది కాదని నా అభిప్రాయం.

అయినా వాళ్లేమీ ఆగట్లేదు. 2023 ఏప్రిల్‌లో ఆర్14.1 వచ్చాక ఏడాదికి రెండు విడుదలల చొప్పున ఇస్తూ వచ్చారు. కోడ్ రాయడం రాకపోయినా చేయగలిగిన పని ఉంది. అనువాదాల కోసం వెబ్లేట్ పెట్టారు, బ్రౌజర్‌లోనే చేయొచ్చు. తెలుగు తెరిచి రోజుకి పది వాక్యాలు సరిచేసినా ఎవరో ఒకరికి పనికొస్తుంది.

ఎవరు వేసుకోవాలి? ఆఫీసు పనికి వాడే కొత్త ల్యాప్‌టాప్ మీద వద్దు, అక్కడ ప్లాస్మానో గ్నోమో పెట్టుకోండి. అటక మీద 2008, 2010 నాటి మెషిన్ ఉంటే మాత్రం తప్పకుండా వేయండి. తేలికైన దారి, డెబియన్ మీద కట్టిన క్యూ4ఓఎస్ అనే లినక్స్. డౌన్‌లోడ్ పేజీలో ప్లాస్మా, ట్రినిటీ అని రెండు ఉంటాయి, ట్రినిటీది తీసుకోండి. మీది పాత 32 బిట్ నెట్‌బుక్ అయితే డెబియన్ 12 మీద కట్టిన ఎడిషన్ వెతకండి, ఎందుకంటే డెబియన్ 13లో 32 బిట్ పీసీలకి ఇన్‌స్టాలర్ తీసేశారు. మీ మెషిన్ మోడల్, ర్యామ్ ఎంతో కింద రాస్తే నడుస్తుందో లేదో నాకు తెలిసినంత చెప్తాను. ఉంటానండి.