లెత్సాత్సి అంటే పొద్దు

అందరికీ నమస్కారం.

ఆఫ్రికా పటంలో దక్షిణాఫ్రికాను చూడండి. దాని కడుపులో ఒక చిన్న దేశం కనిపిస్తుంది. రాసేటప్పుడు లెసోతో అని రాస్తారు, అక్కడి జనం లెసూటు అంటారు. వైశాల్యం దాదాపు 30 వేల చదరపు కిలోమీటర్లు, జనాభా 20 లక్షలు దాటింది. ఆ దేశంలో అన్నిటికన్నా పల్లపు చోటు కూడా సముద్రమట్టానికి 1,400 మీటర్ల ఎత్తున ఉంటుంది. అంటే మన హార్స్‌లీ హిల్స్ కంటే ఎత్తు. అక్కణ్ణుంచి మొదలై అన్నీ కొండలే. సోలార్ పనిమీద నేను అక్కడ కొంతకాలం ఉన్నాను. ఆ అనుభవం గురించే ఈ రోజు మాట్లాడతాను.

వాళ్ల సెసోతో భాషలో సూర్యుణ్ని లెత్సాత్సి అంటారు. రోజుకూ అదే మాట. మనకు పొద్దు ఎలాగో వాళ్లకు లెత్సాత్సి అలాగ. ఆ పొద్దుకు అక్కడ కరువు లేదు. వానలు వేసవిలో పడతాయి. జూన్, జూలై చలికాలంలో వాన ఉండదు, అప్పుడప్పుడూ మంచు పడినా ఆకాశం చాలా రోజులు నిర్మలంగా ఉంటుంది. ఎన్.పి.కుంట సోలార్ పార్కు మీలో చాలామంది చూసే ఉంటారు. ఇక్కడ ప్యానెళ్లను దక్షిణానికి వాలుస్తాం. భూమధ్యరేఖకు అవతల ఉన్న లెసోతోలో ఉత్తరానికి వాలుస్తారు. ఇక్కడ మే నెలలో ప్యానెల్ కాలిపోతూ, తన శక్తిలో పదో వంతుకు పైగా పోగొట్టుకుంటుంది. అక్కడి చలిలో ఆ నష్టం ఉండదు.

కానీ చలితో ఇంకో చిక్కు ఉంది. చల్లబడేకొద్దీ ప్యానెల్ వోల్టేజ్ పెరుగుతుంది. ఒకదాని వెనక ఒకటి కలిపిన ప్యానెళ్ల వరస 25 డిగ్రీల దగ్గర 950 వోల్టులు ఇస్తే, మైనస్ 10 డిగ్రీల తెల్లవారుజామున తొలి ఎండ తగలగానే 1,050 దగ్గరికి పోతుంది. ప్యానెళ్ల కరెంటును ఇళ్లలో వాడే కరెంటుగా మార్చే ఇన్వర్టర్ తట్టుకునేది 1,000 వోల్టులే అయితే, అది పాడవుతుందని మీకు చెప్పక్కర్లేదు. పిడుగులు మరో బాధ. పిడుగు కరెంటును నేలలోకి దింపడానికి మన దగ్గర ఎర్త్ పిట్ తవ్వి ఉప్పు, బొగ్గు వేస్తే సరిపోతుంది. అక్కడ రెండడుగులు తవ్వితే బండ తగులుతుంది. అదే బండ మీద నిలబడి ఎర్తింగ్ ఎలా ఇవ్వాలా అని రోజుల తరబడి టెన్షన్ పడ్డాం.

ఇవన్నీ లెక్కలతో తీరే సమస్యలే. తీరనిది ఒకటి ఉంది. కరెంటు అందరికీ కావలసింది చలికాలం సాయంత్రం. అప్పటికి పొద్దు కొండ వెనక్కి పోయి ఉంటుంది. పగటి ఎండను సాయంత్రానికి ఎక్కడ దాచుకోవాలి? ఆ దేశంలో సోలార్ గురించి ఎవరు మాట్లాడినా ముందు దీనికి జవాబు చెప్పాలని నా అభిప్రాయం.

దేశానికంతటికీ సొంత కరెంటు ప్రధానంగా మూయెలా జలవిద్యుత్ కేంద్రం నుంచి వస్తుంది. సామర్థ్యం 72 మెగావాట్లు. చలికాలపు గిరాకీలో అది సగం కూడా కాదు, మిగతాది దక్షిణాఫ్రికా నుంచి, మొజాంబిక్ నుంచి కొనాలి. 185 మీటర్ల ఎత్తున్న కాత్సే డ్యాంలో నిలిచిన నీళ్లు 45 కిలోమీటర్ల సొరంగంలో మూయెలాకు వచ్చి, టర్బైన్లు తిప్పి, దక్షిణాఫ్రికాకు పోతాయి. 2024 అక్టోబరు నుంచి ఆరు నెలలు ఆ సొరంగాలను మరమ్మతులకు మూశారు. నీళ్లు లేక మూయెలా ఆగింది. ఒక్క దారినే నమ్ముకుంటే ఎలా ఉంటుందో దేశమంతా చూసింది. మఫెతెంగ్ జిల్లా హా రామరొథోలేలో చైనా అప్పుతో కట్టిన సోలార్ ప్లాంటు మొదటి దశ 30 మెగావాట్లు. పగలు అది పనిచేస్తుంటే మూయెలా నీళ్లను వీలైనంత సాయంత్రానికి ఆపుకోవచ్చు. అప్పుడు డ్యామే వాళ్ల బ్యాటరీ. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో నీళ్లను వెనక్కి తోడే యూనిట్లున్నట్టే, కోబొంగ్ దగ్గర వెయ్యి మెగావాట్లకు పైబడిన పంప్డ్ స్టోరేజీ, అంటే నీళ్లను పైకి తోడి దాచి కావలసినప్పుడు కరెంటు తీసే కేంద్రం, కట్టాలన్న ఆలోచన కూడా ఉంది. అంత పెద్దది కడితే కొనేది పొరుగు దేశమే. అందుకే నేను దానికి అంత తొందరపడను.

పైగా ఇలాంటి పెద్ద కేంద్రాల కరెంటు లైన్లు కొండ మీది పల్లెలకు చేరవు. ఒక లోయ దాటి ముప్పై ఇళ్లకు వైరు లాగాలంటే స్తంభాలను గాడిదల మీద మోయించాలి. అయ్యే ఖర్చు ఆ ఇళ్ల బిల్లుల్లో ఏనాటికీ తిరిగి రాదు. అలాంటి చోట్లకు ఊరి మినీగ్రిడ్, అంటే ఆ ఊళ్లోనే కరెంటు తీసి ఆ ఇళ్లకే ఇచ్చే చిన్న ఏర్పాటు, సరైనది. హా మకేబేలో వన్‌పవర్ అనే సంస్థ అలాంటిదే పెట్టింది. ఇంటికో ప్రీపెయిడ్ మీటరు ఉంటుంది, ఫోన్ రీచార్జ్ లాగే డబ్బు కట్టుకుంటారు.

థాబా-త్సెకా జిల్లాలో ఒక చిన్న క్లినిక్‌కు వెళ్లాను. చివరి దారి గుర్రం మీదే. రెండేళ్ల కిందట ఎవరో సోలార్ పెట్టి, రిబ్బన్ కట్ చేసి వెళ్లారు. బ్యాటరీ మూతలు విప్పితే లోపల నీళ్లు లేవు, ప్లేట్లు తెల్లగా ఎండిపోయి ఉన్నాయి. డిస్టిల్డ్ వాటర్ పొయ్యాలని నర్సమ్మకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా, కొనాలంటే రానూపోనూ ఒక రోజు ప్రయాణం. టీకాల ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంది. ఆవిడ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నీలం పెన్నుతో చుక్క పెట్టేది. ఆ చుక్కలు 5, 6 డిగ్రీల నుంచి ఒక్కొక్కటే పైకి ఎక్కి 8 దాటాయి. టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. దాటిన తరవాత కూడా ఆవిడ చుక్కలు పెట్టడం మానలేదు. ఆ కాగితాన్ని నేను మరిచిపోలేను.

దాని స్థానంలో బ్యాటరీ అక్కర్లేని ఫ్రిజ్ పెట్టాం. పగలు ప్యానెల్ కరెంటుతో కంప్రెసర్ నేరుగా నడిచి, గోడల చుట్టూ ఉన్న నీళ్లను గడ్డ కట్టిస్తుంది. రాత్రంతా, మబ్బు పట్టిన మూడు రోజులైనా, ఆ గడ్డే చల్లదనం ఇస్తుంది. పొద్దును అక్కడ మంచుగడ్డగా దాచుకున్నాం. అదే ఊళ్లో పది దాకా చదివిన ఒక అమ్మాయికి మల్టీమీటర్ పట్టడం, బోల్టులు బిగించడం, ప్యానెళ్లు తుడవడం నేర్పాం. నెలనెలా జీతం ఇవ్వాలని ప్రాజెక్టు ఖర్చులోనే రాయించాం. దీనికోసం నేను చాలా పోట్లాడాల్సి వచ్చింది. ప్యానెల్‌కు డబ్బిచ్చేవాళ్లు దొరుకుతారు గానీ ఆ జీతం దగ్గరికి వచ్చేసరికి అందరూ వెనక్కి తగ్గుతారు.

ఇందాక చెప్పిన వోల్టేజ్ లెక్క బోర్డు మీద వేసి చూపిస్తాను. అదే ఇన్వర్టర్‌కు, మైనస్ 10 డిగ్రీలకు, వరసకు ఎన్ని ప్యానెళ్లు పెట్టొచ్చో మీరే తేల్చాలి. కాగితం, పెన్ను తీయండి.